పేర్లు పోయిన జవాబులు

మా అక్క గొంతు పెద్దది. పొగడ్తకి అనటం లేదు. చిన్నప్పుడు షాదీపూర్‌లో మేమున్న వరస ఇళ్ళలో ఆమె పద్యం అప్పజెబుతుంటే మూడో వాటాలోని ముసలాయన "బస్ కరో బేటీ" అంటూ గోడ మీద తట్టేవాడు. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలలు చుట్టుకుని సముద్రం దాటి ఈ ద్వీపాలకి వచ్చిన మనిషి. గాలికి ఎదురుగా ఒక పడవ మీంచి ఇంకో పడవకి కేకలేసి కేకలేసి ఆయన గొంతు అలా అయిందనీ, దాన్ని పెద్దకూతురికి ఇచ్చి పోయాడనీ అమ్మ అనేది. నాకు అమ్మ గొంతు వచ్చింది. షాపులో కౌంటరుకి అవతల నిలబడ్డవాళ్ళు కూడా "క్యా బోలా దీదీ" అని మళ్ళీ అడుగుతారు.

అక్క ఆ గొంతుతో టీచరు అయింది. బళ్ళో తెలుగు సెక్షను ఆమెది. పెళ్ళయ్యాక ప్రోతరాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక కాస్త నేల, అందులో అరటి, నాలుగు పోకచెట్లు. బావ ద్వీపాల మధ్య తిరిగే బోటులో ఇంజన్ రూమ్ మనిషి. వారంలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. చాలాకాలం పిల్లల్లేక, ఇక లేరనుకున్నాక వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. మావైపు మాటలో గుంట. పేరు ఉన్నా ఇంట్లో అందరికీ అది గుంటే.

గుంటకి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ప్రశ్నలే. బస్సులో, అన్నం దగ్గర, స్నానం చేయిస్తుంటే, నిద్ర కళ్ళ మీదికి వచ్చాక కూడా. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు, మధ్యలో రెండూ. బావకి విసుగొచ్చి "అరే, బస్" అనేవాడు. అక్క మాత్రం చేతిలో ఏ పనున్నా ఆపి జవాబు చెప్పేది. తెలియకపోతే "నాకు తెలీదు తల్లీ, కనుక్కుని చెప్తాను" అనేది, కనుక్కుని చెప్పేది కూడా. అడిగే పిల్ల దొరకటం అదృష్టం అనేది నాతో. బళ్ళో అడిగేవాళ్ళు తగ్గిపోయారని ఆమె బాధ.

ఒక ఏడాది దసరా సెలవుల్లో ఆమె గొంతు బొంగురు పోయింది. సుద్దముక్క పొడి అనుకున్నారు. మిరియాల కషాయం, వేన్నీళ్ళు, ఉప్పు పుక్కిలింతలు అయ్యాయి. బొంగురు తగ్గలేదు. పెద్దాసుపత్రిలో చూసి చెన్నై వెళ్ళమన్నారు. చెన్నైలో చూసి, గొంతులో గడ్డ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి, స్వరపేటిక మొత్తం తియ్యక తప్పదు అన్నారు. మెడలో ఒక రంధ్రం పెడతారు, ఊపిరి దానిలోంచే. మాట ఉండదు. మందులు మొదలుపెట్టి, ఆపరేషన్‌కి రోజు ఇచ్చి, అందాకా ఇంటికి వెళ్ళి రమ్మన్నారు.

ఆమె తిరిగి వచ్చిన రోజు నేను ప్రోతరాపూర్ వెళ్ళాను. అక్క గుంటని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంతా చెప్పేసింది. దాచటం ఆమెకి చేతకాదు. గుంటకి అప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయి. అంతా విని, "ఐతే నేను ఏటైనా అడిగితే ఎవరు చెప్తారు?" అంది.

అక్క దాన్ని తనవైపు తిప్పుకుని, "ఇప్పుడే అడిగెయ్. ఉన్నవన్నీ అడిగెయ్. నేను చెప్పి దాచిపెడతాను" అంది.

బడివాళ్ళు టీచర్లకి ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి ఆమె దగ్గర ఉండేది. ఆ వారాల్లో రోజూ మధ్యాహ్నం ఇద్దరూ లోపలి గదిలో దాని ముందు కూర్చునేవారు. గుంట అడిగేది. అక్క ఆ ప్రశ్నని టైపు చేసుకుని, రికార్డు నొక్కి, జవాబు చెప్పేది. గొంతు అప్పటికే సగం గాలి. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చెప్పేది. తలుపు దగ్గర నిలబడితే నాకు వినిపించేది. ఎందుకో లోపలికి వెళ్ళాలనిపించలేదు. అది వాళ్ళిద్దరి పని.

ఇక్కడ కొంచెం కంప్యూటరు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాది షాదీపూర్‌లో చిన్న షాపు. జిరాక్సు, టైపింగు, ఫొటో ప్రింట్లు. నా షాపులో కంప్యూటర్లు, ఇక్కడ చాలామంది ఇళ్ళలో కంప్యూటర్లు, విండోస్ మీద నడుస్తాయి. బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ అని ఇంకో రకం ఉండేది. పని రెండూ ఒకటే చేస్తాయి గానీ పట్టింపులు వేరు. ఫైలు పేరులో ప్రశ్నగుర్తు పెడితే లినక్స్ ఏమీ అనదు. విండోస్ ఒప్పుకోదు. ఆ గుర్తుని అది తన సొంత అవసరానికి అట్టేపెట్టుకుంది, ఇంకొకరి పేరులో రానివ్వదు. విండోస్ కోసం తయారైన పెన్‌డ్రైవ్‌లు కూడా అంతే.

అక్క ప్రతి రికార్డింగుకీ గుంట అడిగిన ప్రశ్ననే పేరుగా పెట్టింది. అడిగింది అడిగినట్టు, తెలుగులో, చివర ప్రశ్నగుర్తుతో సహా. తెలుగు టీచరు గదా, వాక్యం పూర్తి చెయ్యకుండా వదలదు. అలా పెట్టిందని మాలో ఇంకెవరికీ తెలియదు.

చెన్నై ప్రయాణానికి ముందురోజు ల్యాప్‌టాప్ బడికి తిరిగి ఇచ్చెయ్యాల్సి వచ్చింది. దాన్ని ఇంకో టీచరుకి ఇస్తారట. నేను వంటింట్లో వాళ్ళ సామాను సర్దుతున్నాను. బావకి చేతులు ఊరుకోవటం లేదు. బీరువా తీసి మూస్తున్నాడు, సంచి కట్టి విప్పుతున్నాడు. "ఆ రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లోకి తీసే పని నేను చేస్తాను" అన్నాడు. అక్క సరేనంది. అతను చేసుకుంటాడు, అతనికీ ఒక పని ఉండాలి అని ఆమె ఉద్దేశమని నాకు అర్థమైంది. కాసేపటికి వచ్చి "హో గయా" అని పెన్‌డ్రైవ్‌ని నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని షాపుకి తీసుకెళ్ళి సొరుగులో భద్రంగా పెట్టాను. అక్క వచ్చాక ఆమె ముందే తెరవాలని గుంట నా దగ్గర మాట తీసుకుంది.

ఆపరేషన్ బాగానే అయింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. విమానాశ్రయంలో గుంట పరుగెత్తి వెళ్ళి అక్క నడుముని పట్టుకుంది. అక్క నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, మెడ దగ్గర కట్టిన పల్చటి గుడ్డ లోపలికీ బయటికీ ఆడింది, అంతే. గుంట పైకి చూస్తూ అలాగే నిలబడింది. ఆ రోజు అది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంటికెళ్ళేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అక్కకి తెల్ల పలక ఒకటి కొనిచ్చాను. స్కెచ్ పెన్నుతో రాయటం, గుడ్డతో తుడవటం. బావ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది చదివి గట్టిగా జవాబు చెప్పేవాడు, ఇంజన్ రూమ్ అలవాటు. "గొంతు పోయింది నాకు, చెవులు కాదు" అని ఒకసారి పలక మీద రాసి చూపించింది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుకి శబ్దం లేకపోవటం మాకు కొత్త.

కొంచెం కోలుకున్నాక ఒక ఆదివారం ముగ్గురూ షాపుకి వచ్చారు. షట్టరు సగం దించి, నా కుర్చీలో గుంటని కూర్చోబెట్టి పెన్‌డ్రైవ్ పెట్టాను. 'గుంటకి' అని ఒక ఫోల్డరు. తెరిస్తే అందులో కొన్నే ఉన్నాయి. చేపల పులుసు. తాతయ్య పాట. జడ అల్లుకోవటం. నాన్న మీద కోపం వచ్చినప్పుడు. అన్నీ అక్క తనంతట తాను చెప్పినవి. గుంట అడిగినవి ఒక్కటి కూడా లేవు.

"నావి ఏవి పిన్నీ?" అంది గుంట.

ఇంకో ఫోల్డరు ఉందేమోనని వెతికాను. పెన్‌డ్రైవ్ అంతా వెతికాను. అప్పుడు అక్కని అడిగాను, ఆ మిగతావాటికి ఏం పేర్లు పెట్టావని. ఆమె పలక మీద ఒకటి రాసింది. 'సముద్రం రాత్రి కూడా కదులుతుందా?' ఆ చివరి గుర్తు చూడగానే నాకు అర్థమైంది.

"బావా, కాపీ చేసేటప్పుడు మెషీను ఏమన్నా అడిగిందా?"

బావ గోడవైపు చూశాడు. "అడిగింది. ఇంగ్లీషులో ఏటో వచ్చింది. కింద స్కిప్ అని ఉంది. ఒకటి నొక్కితే మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. సబ్ కో స్కిప్ అని ఉంటే అది నొక్కేశాను. తర్వాత అయిపోయిందని చెప్పింది." కొంచెం ఆగి, "అందులో ఫైళ్ళు కనపడ్డాయి అమ్మాయ్. కనపడ్డాయి, అందుకే" అన్నాడు.

గుంటకి అర్థమైందో లేదో, కుర్చీని ఇటూ అటూ తిప్పుతోంది. అక్క పలక పక్కన పెట్టి లేచి వెళ్ళి బావ చెయ్యి పట్టుకుంది. అతను ఆ చెయ్యి వదిలించుకుని బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాడు.

మర్నాడే బడికి వెళ్ళాను. అక్కడివాళ్ళు మంచిగానే మాట్లాడారు. ల్యాప్‌టాప్ తుడిచేసి, కొత్తగా అన్నీ ఎక్కించి, ఇంకో ద్వీపంలో, రంగత్‌లో పనిచేసే ఒక టీచరుకి పంపేశామన్నారు. తిరిగి వచ్చిన ప్రతిదానికీ అలాగే చేస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆవిడ ఫోను నంబరు ఇచ్చారు.

కంప్యూటర్లో తుడిచేసినవి వెంటనే పోవు. పాత రాత మీద కొత్త రాత పడేదాకా అడుగున ఉంటాయి. పెళ్ళి ఫొటోలవాళ్ళు పొరపాటున కెమెరా కార్డు తుడిచేసి నా దగ్గరికి పరుగెత్తుకొస్తుంటారు. వాళ్ళ కోసం కొన్న సాఫ్ట్‌వేరు నా దగ్గర ఉంది. కొన్నిసార్లు వస్తాయి, కొన్నిసార్లు రావు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. అప్పటికే నెలలు గడిచాయి.

ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బావ డ్యూటీలో ఉన్న బోటులోనే రంగత్‌కి టికెట్ తీసుకున్నాను. సముద్రం బాగాలేదు. కింద సీట్లలో అందరూ వాంతి కవర్లు పట్టుకుని కూర్చున్నారు. నేను గాలి కోసం పైకి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి బావ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన రెయిలింగ్ పట్టుకున్నాడు. ఆ ఆదివారం తర్వాత అతను నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"కింద ఏ అలారం మోగినా చదవకుండా బటన్ నొక్కను నేను" అన్నాడు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ నొక్కలేదు. ఆ రోజు చదవలేదు. కళ్ళకి కనపడలేదు అమ్మాయ్ అక్షరాలు."

"ఆ రోజు ఎవరికి కనపడతాయి బావా."

"అది ఏటీ అనదు. అదే నాకు. తిట్టినా బాగుండును." అక్క గురించి అంటున్నాడని అర్థం కావటానికి నాకు ఒక క్షణం పట్టింది. తిట్టటానికి ఆమెకి గొంతు లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టి ఉంటుంది. అతను కిందికి వెళ్ళిపోయాడు.

రంగత్ టీచరు బెంగాలీ ఆవిడ. నేను హిందీలో అంతా చెప్పాక లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి, మూత కూడా తెరవకుండా నా సంచిలో పెట్టింది. "మా కీ ఆవాజ్ హై" అంది, తల్లి గొంతు గదా అని తనలో తాను అనుకుంటున్నట్టు. పిల్లల మార్కులు అందులో ఉన్నాయి, వాటిని కాయితం మీద ఎక్కించుకుంటాను, నిదానంగా తెచ్చివ్వు అంది. బడి సొత్తు అలా నా చేతికి ఇవ్వటానికి ఆవిడ ఎవర్నీ అనుమతి అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

షాపులో ల్యాప్‌టాప్ లోపలి డిస్కు ఊడదీసి నా కంప్యూటరుకి తగిలించాను. విండోస్‌కి ఆ డిస్కు భాష తెలియదు, ఖాళీ అంటుంది, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. ఈసారి ప్రతి అక్షరం చదివి, వద్దు అని నొక్కాను. తర్వాత సాఫ్ట్‌వేరుని దాని మీదికి వదిలాను. అది పొద్దున్నుంచి సాయంత్రందాకా గీకుతూనే ఉంది. జిరాక్సులకి వచ్చినవాళ్ళకి మెషీను ఆపేశానని చెప్పి పంపేశాను.

రికార్డింగులు వచ్చాయి. అన్నీ కాదు, చాలావరకు. కొన్ని మొదట్లో బాగుండి మధ్యలో గరగరమని ఆగిపోయాయి, కొన్ని అసలు తెరుచుకోలేదు. కానీ వచ్చినవాటికి పేర్లు లేవు. అలా అడుగునుంచి తోడినప్పుడు ఫైలు వస్తుంది గానీ పేరు రాదు. పేరు వేరే చోట రాసి ఉంటుంది, అది ముందు పోతుంది. ప్రతిదానికీ సాఫ్ట్‌వేరు ఒక అంకె తగిలించింది. అంటే జవాబులు వచ్చాయి, ప్రశ్నలు రాలేదు.

ఒకటి తెరిచాను. "అప్పటికి నువ్వు ఇంకా పుట్టలేదు తల్లీ" అంది అక్క. "నేల ఊగింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. మీ నాన్న పడవ తాడు కోసేసి చెట్టెక్కాడు…" ఆ గొంతు బొంగురుగానే ఉంది, మధ్యలో నీళ్ళ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా ఉంది. షాపులో ఒక్కదాన్నీ చాలాసేపు అలాగే కూర్చున్నాను. పక్క షాపు భయ్యా వచ్చి ఏమైంది దీదీ అని అడిగితే, దుమ్ము అన్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి ప్రోతరాపూర్ వెళ్ళేదాన్ని, నా పాత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని. లోపలి గదిలో చాప మీద ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కటే వినటం, దాని ప్రశ్న ఏమై ఉంటుందో గుంటా అక్కా గుర్తు చేసుకోవటం, నేను పేరు మార్చటం. బావ ఉంటే వరండాలో కూర్చునేవాడు. గదిలోకి వచ్చేవాడు కాదు.

మొదటిసారి తన గొంతు విన్నప్పుడు అక్క చెయ్యి దానంతట అదే మెడ మీదికి వెళ్ళింది. రికార్డింగు అయ్యేదాకా అక్కడే ఉంచుకుంది. అయ్యాక పలక అందుకుని, 'ఇంత గట్టిగా మాట్లాడేదాన్నా' అని రాసింది. అది గట్టి కాదు, అప్పటికే సగం గాలి అని చెప్పబోయి మానేశాను.

కొన్నిటికి ప్రశ్న ఇట్టే తెలిసిపోయేది. సునామీ అప్పుడు నేనెక్కడ ఉన్నాను అన్నది గుంట వెంటనే చెప్పింది. తాతయ్య ఈ ఊరు ఎందుకొచ్చాడు, తాబేలు తన పిల్లల్ని గుర్తు పడుతుందా, హిందీ ముందా తెలుగు ముందా. కొన్నిటికి మాత్రం గుంట తెల్లమొహం వేసేది. ఇది నేను అడిగానా అనేది. అప్పటికి ఏడాది కావస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగింది పదేళ్ళ పిల్లకి గుర్తుండదు. అక్కకి అన్నీ గుర్తున్నాయి. ఆమె పలక మీద రాస్తే గుంట కూడబలుక్కుని చదివేది. తెలుగు మాట్లాడినంత సులువుగా దానికి చదవటం రాదు. 'స' అన్న చోట తడబడి, "ఏటిది అమ్మా" అని అడిగితే అక్క గాల్లో వేలుతో రాసి చూపించేది. ఆలోచిస్తే ఆమె చెప్పిన చివరి పాఠాలు అవే.

ఒకటి మొదలవగానే అక్క గబుక్కున ల్యాప్‌టాప్ మూత సగం వేసేసింది. గుంట అడిగినదే, జవాబు మాత్రం అది గదిలో లేనప్పుడు చెప్పి దాచిందట. పలక మీద, 'ఇది నువ్వు పెద్దదానివి అయ్యాక' అని రాసింది. గుంట అలిగింది. ఆ రికార్డింగుకి నేను 'తర్వాత' అని పేరు పెట్టాను.

మొదటి రోజే ఒక పేచీ వచ్చింది. నేను పేర్లన్నీ ప్రశ్నగుర్తు లేకుండా టైపు చేస్తున్నానని అక్క చూసి, వేలితో తెర మీద చివర చూపించింది. ఇక్కడ అది పెట్టకూడదు, పెడితే ఈ మెషీను ఒప్పుకోదు, మళ్ళీ అలాగే పోతాయి అని చెప్పాను. చెప్పాక ఆమె మొహం చూడలేకపోయాను. మన సొంత మాటలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో ఎవరో ఎక్కడో ఎప్పుడో నిర్ణయించేశారు. నేను దాన్ని వాళ్ళ తరఫున మా అక్కకి చెప్తున్నాను.

అక్క కొంచెం ఆలోచించి పలక మీద నిదానంగా రాసింది. 'పోనీ. తెలుగుకి ఆ గాలం అక్కర్లేదు. కదులుతుందా అంటే చాలు. ఆ దీర్ఘంలోనే అడగటం ఉంది. పాతకాలం వాళ్ళు గాలం లేకుండానే అడిగారు.' చేపలవాళ్ళ పిల్లలకి ప్రశ్నగుర్తుని ఆమె గాలం అనే నేర్పేది.

గుంట అది మొత్తం చదివి, "ఐతే నువ్వు ముందు ఎందుకు పెట్టావ్?" అంది.

అక్క నవ్వింది. 'నీకు బడిలో మార్కులు పోతాయని' అని రాసింది.

వరండాలోంచి బావ దగ్గు వినిపించింది. అక్క పలక పట్టుకుని బయటికి వెళ్ళి, ఆ వాక్యాలు తుడవకుండా అలాగే అతని ముందు పెట్టింది. ఏమనుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి ఆమె వెనకే అతను గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆదివారాలు, డ్యూటీ లేకపోతే, నలుగురం విన్నాం. 'నాన్న మీద కోపం వచ్చినప్పుడు' అన్నది కూడా ఒకరోజు అతనే పెట్టమన్నాడు. అందులో అక్క, మీ నాన్న అరిస్తే అది కోపం కాదు, ఇంజను పక్కన బతికిన మనిషి, చెవి దగ్గరికి వెళ్ళి మెల్లిగా చెప్పు, వింటాడు అంటుంది. అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని విన్నాడు.

అలా చాలా అయ్యాయి. మేము తొందరపడలేదు. వారానికి నాలుగైదు విని, పేర్లు పెట్టి, టీ తాగేవాళ్ళం. ఇంకా మిగిలి ఉండటమే బాగుండేది మాకు.

రెండో ఏడు చెన్నైలో చెకప్‌కి వెళ్ళినప్పుడు గడ్డ మళ్ళీ కనపడింది, ఈసారి ఊపిరితిత్తుల్లో. ఇక ఆదివారాలు తగ్గాయి. ఆమె పడుకునే వినేది. తర్వాత పలక పట్టుకునే ఓపిక పోయింది. గుంట ప్రశ్న ఊహించి చెబితే, అవునంటే కళ్ళు మూసి తెరిచేది. తర్వాత అదీ లేదు. వానాకాలం మధ్యలో, బోట్లన్నీ ఆపేసిన ఒక రోజు ఉదయం, అక్క పోయింది. బావ ఇంట్లోనే ఉన్నాడు. అంత వాన పడకపోతే ఆ రోజు అతను డ్యూటీలో ఉండేవాడు.

కొన్ని ఫైళ్ళు అంకెలతోనే మిగిలిపోయాయి. అన్నీ కలిపి గుంటకి ఇచ్చాను, బావ ఫోనులో వేశాను, నా దగ్గర రెండు చోట్ల దాచాను. ఎక్కడైనా తెరుచుకుంటాయి, ఏ మెషీనూ అడ్డు చెప్పదు. బావ చేపల పులుసు ఒక్కటే వింటాడు. సెలవు రోజున ఫోను పొయ్యి పక్కన పెట్టుకుని, ఆమె చెప్పినట్టే చింతపండు పిసుకుతాడు. గుంట మాత్రం చాలాకాలం వాటి జోలికి పోలేదు. నేనూ అడగలేదు. అది మాట్లాడటం తగ్గించేసింది. ప్రశ్నలు అసలు మానేసింది.

గుంటకి ఇప్పుడు పదిహేను. ట్యూషన్ షాదీపూర్‌లోనే, అయ్యాక నా షాపుకి వచ్చి బావ డ్యూటీ దిగేదాకా కూర్చుంటుంది. 'తర్వాత' అన్నది రెండేళ్ళ క్రితం ఒకరోజు తనే అడిగి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మూలన కూర్చుని వింది. ఏముందో నేను ఎప్పుడూ వినలేదు.

మొన్నామధ్య, పేరు లేనివి ఎన్ని ఉన్నాయి పిన్నీ అంది. తీసి చూపించాను. ఒక్కొక్కటే వింది. వాటిలో ఒకటి మిగతావాటికంటే చిన్నది. అక్క గొంతు బాగా అరిగిపోయి ఉంది, ఆపరేషన్‌కి ముందు చివరి రోజుల్లో చేసి ఉంటుంది. "లేదు తల్లీ. అస్సలు లేదు. ఎవరన్నారు నీతో? ఇటు రా." ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, బట్టల రాపిడి, అంతే.

దాన్ని నేను ఇంతకుముందు విన్నాను. ఆ ప్రశ్న ఏమై ఉంటుందో నాకు ఒకటే తోచేది. నువ్వు చచ్చిపోతావా అని ఆ వయసు పిల్ల అడగకుండా ఉంటుందా? అదే అయితే అక్క దానితో చెప్పిన అబద్ధం అదొక్కటే. అందుకే నేను దానికి పేరు పెట్టలేదు, గుంటతో ఆ మాట ఎత్తలేదు.

గుంట అది రెండుసార్లు వింది. "ఇది నాకు గుర్తుంది" అంది. లేక గుర్తున్నట్టు ఉంది అందో, హిందీలో అంది, నాకు సరిగ్గా వినపడలేదు, అంతలో ఎవరో ఆధార్ జిరాక్సు కోసం వచ్చారు. నేను వాళ్ళ పని చూసి వెనక్కి వచ్చేసరికి అది ఫైలు పేరు మార్చేసి, సంచి సర్దుకుంటోంది. తెలుగు టైపు చెయ్యటం దానికి రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో, హిందీలో రాసింది. 'ముఝ్‌సే గుస్సా హై క్యా.' నా మీద కోపమా అని.

అమ్మ జబ్బు పడింది తన వల్లేననీ, ఊరికే ప్రశ్నలడిగి గొంతు అరగదీసిందనీ దానితో ఎవరన్నా అన్నారేమో, లేక అదే అనుకుందేమో, నేను అడగలేదు. నిజంగా గుర్తొచ్చిందో, ఆ జవాబుకి తనకి కావాల్సిన ప్రశ్న పెట్టుకుందో కూడా అడగలేదు. బయట బావ హారన్ కొట్టాడు. గుంట వెళ్ళి బండి వెనక కూర్చుంది. కూర్చున్నాక ముందుకి వంగి, వాళ్ళ నాన్న చెవి దగ్గర ఏదో అంది. ఆయన తల ఊపాడు. బండి మలుపు తిరిగాక నేను లోపలికి వచ్చి కంప్యూటరు ఆపేశాను.